ఆవు ఆమెది, పాలు ఆయనవి



మన పెళ్లిళ్లలో అందరి కళ్లూ పీటల మీద ఉన్న సమయంలో పందిట్లో ఓ మూల చిన్న బల్ల వేసుకుని ఒకాయన కూర్చుని ఉంటాడు. ముందు పొడుగాటి నోటు పుస్తకం, అట్టకు నాలుగు మూలలా పసుపు. చదివింపుల పుస్తకం అన్నమాట. కవరు అందుకోవడం, చింపడం, "కొల్లిపర బాబాయిగారు, వెయ్యిన్నూట పదహార్లు" అని పైకి చదివి రాసుకోవడం, సంచిలో వేయడం. ఈమధ్య ఆ బల్ల మీద క్యూఆర్ కోడ్ అట్ట కూడా నిలబెడుతున్నారు. ముప్పై ఏళ్లుగా ఆడిటరు పని చేస్తున్నవాణ్ని. ఏ పెళ్లికి వెళ్లినా నా చూపు ముందు ఆ బల్ల మీదికే పోతుంది. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. కాదనలేను.

ఆ పుస్తకంలో ఎంత పెద్ద అంకె ఉన్నా, పెళ్లి సందర్భంగా వధూవరులకు వచ్చిన కానుక మీద ఆదాయపు పన్ను లేదు. ఇచ్చింది మేనమామ కావచ్చు, ఆఫీసు స్నేహితుడు కావచ్చు. మామూలు రోజుల్లో బంధువులు కానివాళ్ల దగ్గర ఏడాది మొత్తం మీద 50,000 రూపాయలు దాటి తీసుకుంటే, దాటిన ముక్క ఒక్కటే కాదు, మొత్తమంతా ఆదాయమే. పెళ్లికి ఆ గీత లేదు. అయితే ఈ మినహాయింపు పీటల మీద కూర్చున్న ఇద్దరిదే. పెళ్లికూతురి నాన్న జేబులో స్నేహితులు పెట్టిన కవర్లకు అది వర్తించదు. షష్టిపూర్తికీ వర్తించదు. "మళ్లీ తాళి కట్టాను కదయ్యా!" అని ఒక పెద్దాయన నాతో వాదించాడు. కట్టారు గానీ, పెళ్లి మాత్రం పాతదే కదా బాబాయిగారూ అన్నాను.

ఇంకో మాట. ఒక సందర్భానికి ఒకే మనిషి దగ్గర 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంతకంత జరిమానా పడుతుంది. పెద్ద కానుకలు బ్యాంకు దారినే రావాలి. బంధువు అంటే ఎవరన్న దానిలోనూ ఒక తమాషా ఉంది. మేనమామ మేనల్లుడికి ఎప్పుడు ఎంతిచ్చినా పన్ను లేదు. అదే మేనల్లుడు పెద్దవాడై, బాగా సంపాదించి, మేనమామకు 5 లక్షలిస్తే మామకు పన్ను పడుతుంది. బంధుత్వాన్ని పుచ్చుకునేవాడి వైపు నుంచే చట్టం చూస్తుంది. ఆ జాబితాలో అమ్మానాన్నల తోబుట్టువులున్నారు, తోబుట్టువుల పిల్లలు లేరు. పెదనాన్న కొడుకూ లేడు. మనింట్లో అన్నయ్యే, చట్టంలో పరాయివాడు.

ఇక అసలు సంగతి. భార్యాభర్తలు ఒకరికొకరు ఎప్పుడైనా, ఎంతైనా ఇచ్చుకోవచ్చు. పుచ్చుకున్నవాళ్లకు రూపాయి పన్ను లేదు. ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలియంది ఆ తర్వాతి మాట. దాన్ని నేను మా ఊరి రైతులకు ఆవు కథగా చెప్తాను. నువ్వు మీ ఆవిడకు ఆవునిచ్చావు. ఎందుకిచ్చావని ఎవరూ అడగరు. ఆవు ఆమెదే, ఆమె పాకలోనే ఉంది. కానీ పాలు మాత్రం నీ లెక్కలో రాయమంటుంది చట్టం. ఆ పాలమ్మిన డబ్బుతో ఆమె ఒక మేకను కొనుక్కుంటే, మేక పాలు ఆమె లెక్క. ఆఫీసు భాషలో దీన్ని క్లబ్బింగ్ అంటారు. భార్య భర్తకిచ్చినా ఇదే తంతు. 1961 చట్టం స్థానంలో 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. సెక్షన్ల నంబర్లన్నీ మారాయి గానీ ఆవు మారలేదు. అందుకే నేనివాళ నంబర్ల జోలికి పోను. రేడియోలో నంబర్లు చెబితే మీకూ శిక్షే.

నా దగ్గరికి వచ్చే ఒక దంపతుల లెక్క చెప్తాను. ఆయనది మంచి ఉద్యోగం, 30 శాతం శ్లాబు. ఆవిడ గృహిణి. ఆయన 10 లక్షలు ఆవిడ ఖాతాకు పంపి, ఆవిడ పేరు మీద 7 శాతానికి ఫిక్సెడ్ డిపాజిట్ వేయించాడు. ఏడాదికి 70,000 వడ్డీ. ఆవిడకు వేరే ఆదాయం లేదు కాబట్టి పన్ను లేదని ఆయన ధీమా. పైగా బ్యాంకులో ఎవరో సలహా ఇస్తే, టీడీఎస్ కోయకుండా ఆవిడ చేత 15జి అని మనకు అలవాటైన ఫారం మీద సంతకం కూడా పెట్టించాడు. రెండేళ్లు అలాగే గడిచిపోయాయి. మూడో ఏడు ఇల్లు కొనే పని పడి కాగితాలన్నీ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. చూస్తే ఆ 70,000 ఆయన రిటర్నులో ఎక్కడా లేదు. ఎక్కాల్సింది అక్కడే. దాని మీద 30 శాతం అంటే 21,000, సెస్సుతో కలిపి 21,840. ఆ మీద ఆలస్యానికి వడ్డీ. దిద్దిన రిటర్నులు వేశాం, డబ్బు కట్టించాను.

ఆయన ముఖం మాడిపోయింది. "పెళ్లానికి ఇచ్చుకోవడం కూడా తప్పేనా అండీ?" అన్నాడు. ఇవ్వడం తప్పు కాదు, వడ్డీని దాచడమే తప్పు అని వాళ్లిద్దరికీ ఆవు, మేక కథ చెప్పాను. సరైన పద్ధతి పెద్ద కష్టమేం కాదు. రిటర్నులో భార్య పేరు, పాన్ నంబరు, ఎంత వడ్డీ కలుపుతున్నామో రాసే చోటు ఉంది. అక్కడ రాయాలి. బ్యాంకు ఆవిడ పాన్ మీద టీడీఎస్ కోస్తే ఆ డబ్బు ఇరుక్కుపోతుందని భయపడనక్కర్లేదు. "ఈ వడ్డీ మావారి ఆదాయంలో కలుస్తుంది, టీడీఎస్ ఆయన పాన్ మీద చూపండి" అని ఆవిడ బ్యాంకుకు రాసివ్వచ్చు. ఇలా రాసివ్వచ్చని బ్యాంకు కౌంటరులో కూర్చునేవాళ్లలోనే చాలామందికి తెలియదు.

అయినా మనుషులకు ఈ ఆశ ఎందుకు పుడుతుందో తెలుసుకోవాలంటే ఒక లెక్క వినాలి. 2025-26 ఆర్థిక సంవత్సరం, కొత్త పన్ను విధానం. ఒక ఇంట్లో ఒక్కరికే 24 లక్షల పన్ను పడే ఆదాయం ఉందనుకోండి. పన్ను 3 లక్షలు, సెస్సుతో 3,12,000. పక్కింట్లో భార్యాభర్తలిద్దరికీ చెరో 12 లక్షలు. వాళ్లకు పన్ను సున్నా. మళ్లీ చెప్తాను: రెండిళ్లలోనూ వచ్చేది 24 లక్షలే. ఒక ఇంటి మీద 3,12,000, రెండో ఇంటి మీద ఏమీ లేదు. ఇది వింటే ఏ మొగుడికైనా తన ఆదాయంలో సగం భార్య పేరు మీదికి జరపాలనిపించదా? అనిపిస్తుంది. ఇవాళ కొత్తగా పుట్టిన బుద్ధి కూడా కాదు. భార్యలను పేరుకు భాగస్తులుగా చూపి ఆదాయం చీలుస్తున్నారని 1936లో విచారణ సంఘం చెబితే, 1937లోనే తెల్లదొరల ప్రభుత్వం భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంలో కలిపే నియమం తెచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక మనం దొరల విగ్రహాలు కొన్ని దింపాం గానీ దీన్ని మాత్రం పదిలంగా దాచుకున్నాం.

ఇక తప్పించుకునే దారులు. ఒకటి మాత్రం పెళ్లికి ముందే ఉంది. ఆవును ఇచ్చే రోజుకే ఆమె భార్య అయి ఉండాలి, అప్పుడే క్లబ్బింగ్. 1947 డిసెంబరులో కలకత్తాలో ఒకాయన, పెళ్లికి కొద్ది రోజుల ముందు, తాను పెళ్లాడబోయే ఆవిడకు కంపెనీ షేర్లు రాసిచ్చాడు. పన్ను అధికారులు డివిడెండు ఆయన లెక్కలో కలిపారు. కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది. ఇచ్చిన రోజుకు ఆమె భార్య కాదు కాబట్టి కలపడానికి లేదని 1963లో తీర్పు. దీన్ని మన పెళ్లికి అన్వయించి చూడండి. మనకు జీలకర్ర బెల్లం పెట్టిన ఘడియే ముహూర్తం. హిందూ వివాహ చట్టమేమో సప్తపది ఆచారం ఉన్నచోట ఏడో అడుగు పడ్డాకే పెళ్లి పూర్తయినట్టు అంటుంది. అంటే పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకు ఆరో అడుగు దగ్గర ఫోన్ తీసి డబ్బు పంపేస్తే? ఇంతవరకూ ఎవరూ ప్రయత్నించినట్టు లేదు. పురోహితుడు ఒప్పుకోడు.

రెండో దారి అన్నదమ్ములు కనిపెట్టింది. "నువ్వు మీ వదినకివ్వు, నేను మా మరదలికిస్తాను." భర్త భార్యకు ఇచ్చినట్టు ఎక్కడా ఉండదు. ఇదీ 1963లోనే పట్టుబడింది. మద్రాసులో ఇల్లు కొన్న ఒక తండ్రీకొడుకుల వ్యవహారంలో, చుట్టు తిప్పి ఇచ్చినా అది ఇచ్చినట్టేనని సుప్రీంకోర్టు తేల్చింది. అత్తమామలు కోడలికిచ్చినా కథ ఇంతే. ఇచ్చిన సొత్తు మీద ఆదాయం ఇచ్చినవాళ్ల లెక్కలోకే వస్తుంది. అత్తగారు కోడలి మెడలో వేసిన చంద్రహారం పాలివ్వదు కాబట్టి వేసుకున్నన్నాళ్లూ గొడవ లేదు. దాన్ని అమ్మి లాభం చూసిన రోజున ఆ లాభం అత్తగారి రిటర్నులోకి నడుచుకుంటూ వెళ్తుంది. అత్తగారికి ఈ సంగతి చెప్పే ధైర్యం ఉన్న కోడలిని నేనింకా చూడలేదు.

అప్పుగా ఇస్తే? నిజంగా అప్పయితే, నిజంగా వడ్డీ తీసుకుంటే అది వేరే లెక్క. కానీ భార్య దగ్గర ప్రామిసరీ నోటు రాయించుకుని వడ్డీ వసూలు చేసే భర్త ఇంట్లో రాత్రి భోజనం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. పీపీఎఫ్‌లో ఆవిడ పేరు మీద వేస్తే మాత్రం హాయి. అక్కడ వడ్డీకే పన్ను లేదు, కలిపినా కలిసేది సున్నాయే. ఏడాదికి లక్షన్నర వరకూ వేసుకోవచ్చు.

ఇంటి సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. భర్త డబ్బుతో భార్య పేరున ఇల్లు కొంటే బినామీ అవుతుందా అని చాలామంది అడుగుతారు. లెక్క చూపగల డబ్బుతో కొంటే కాదు, 2016లో సవరించిన బినామీ చట్టంలోనే ఆ మినహాయింపు ఉంది. కానీ ఆ ఇంటి అద్దె ఆయన ఆదాయమే, అమ్మితే లాభమూ ఆయనదే. ఇక్కడ చట్టంలో ఒక విడ్డూరముంది. విడిగా ఉండడానికి ఒప్పుకుని, ఆ ఒప్పందంలో భాగంగా ఇస్తే మాత్రం కలపరు. కలిసుంటే ఆదాయం ఆయనది, విడిపోతే ఆమెది. ఇద్దరూ సంపాదించేవాళ్లయితే నేను చెప్పేది ఒక్కటే: ఎవరెంత పెట్టారో దస్తావేజులో వాటాలుగా రాయించుకోండి, ఎవరి వాయిదా వాళ్ల ఖాతా నుంచే పోవాలి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు, సొంతంగా ఉండే ఇంటి అప్పు వడ్డీ మీద చెరో 2 లక్షల మినహాయింపు దొరికేది అప్పుడే. పేరు కలిపి, వాయిదాలన్నీ ఒక్కరే కడితే రెండోవాళ్లకు దొరకదు.

దుకాణాల ఇళ్లలో ఇంకో రకం తగువు. భర్త వ్యాపారం, భార్య కూడా అందులో జీతం తీసుకుంటుంది. ఆ వ్యాపారంలో భర్తకు గట్టి వాటా ఉంటే, ఆవిడ జీతం ఆయన ఆదాయంలో కలిపేస్తారు, ఆవిడకు సాంకేతికమో వృత్తిపరమో అయిన అర్హత ఉండి, ఆ నైపుణ్యం వల్లే ఆ జీతం వస్తే తప్ప. అర్హత అంటే డిగ్రీ కాగితమేనా? 1980లలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఇదే ప్రశ్న వచ్చింది. అక్కడ వ్యాపారం భార్యది, జీతం తీసుకున్నది భర్త. విశ్వవిద్యాలయమిచ్చిన పట్టాయే అక్కర్లేదు, అనుభవంతో వచ్చిన నైపుణ్యమూ అర్హతేనన్నది హైకోర్టు. బట్టల కొట్లో పాతికేళ్లుగా కూర్చున్న ఇల్లాళ్లను చూస్తుంటాను. వేలి కొసతో ముట్టుకుని ఇది ఏ ఊరి నేత, ఎన్నో నంబరు నూలు అని చెప్పేస్తారు. ఏ కాలేజీ ఇస్తుంది ఆ పట్టా? ఆవిడ చేసే పని ఏమిటో, జీతం ఎందుకో పుస్తకాల్లో కనబడాలి, అంతే.

కొట్లో కూర్చోని ఇల్లాలి సంగతి? ఆవిడ బ్యాంకు పోపుల డబ్బా. ఇంటి ఖర్చులకిచ్చిన డబ్బులో ఆవాల కిందా మెంతుల కిందా మిగుల్చుకున్నది. 2016 నవంబరులో నోట్లు రద్దయినప్పుడు రాష్ట్రమంతా పోపుల డబ్బాలు బోర్లించారు. ఏళ్ల తరబడి మొగుడికి తెలియని డబ్బు ఒక్క రాత్రిలో బ్యాంకుకూ, మొగుడికీ కూడా తెలిసిపోయింది. అలా 2 లక్షల పైచిలుకు జమచేసిన ఒక గృహిణి మీద అది లెక్క చెప్పని ఆదాయమంటూ పన్ను వేస్తే, 2021లో ఆగ్రా ట్రిబ్యునలు ఆ పన్ను కొట్టేసింది. ఇళ్లల్లో ఆడవాళ్లు ఏళ్ల తరబడి కూడబెట్టుకుంటారని, రెండున్నర లక్షల దాకా ఆ జమను ఆదాయమనడానికి లేదని చెప్పింది. నా మటుకు నాకు నచ్చిన తీర్పుల్లో ఇదొకటి.

ఇక బంగారం. "పెళ్లయిన ఆడదానికి 500 గ్రాములు ఉండొచ్చట కదా" అంటారు. ఉండొచ్చు అని కాదు. సోదాకు వచ్చినప్పుడు, పెళ్లయిన స్త్రీకి 500, పెళ్లి కాని స్త్రీకి 250, మగవాడికి 100 గ్రాముల వరకూ నగలు స్వాధీనం చేసుకోవద్దని 1994లో అధికారులకు ఇచ్చిన సూచన అది. అంతకు మించి ఉన్నా, ఎక్కడి నుంచి వచ్చిందో చూపగలిగితే ఇబ్బంది లేదు. చూపేదెలా? అక్కడే చదివింపుల పుస్తకం మళ్లీ బల్ల మీదికి వస్తుంది. పుట్టింటివారు పెట్టిన నగల జాబితా, బిల్లులు, ఆ పుస్తకం, ఇవి చిరిగిపోయేదాకా దాచండి. పసుపు కుంకుమల కింద కూతురికి పొలం ఇచ్చేవాళ్లు ఇంకో మాట వినాలి. నోటిమాటగా ఇస్తే చెల్లదు, రిజిస్టరు దస్తావేజు ఉండాల్సిందేనని మన హైకోర్టు ఫుల్ బెంచే చెప్పింది.

ఈ కాగితాలు పన్నువాళ్ల కోసమే అనుకుంటే పొరపాటు. నా బల్ల ముందు కూర్చున్నప్పుడు ఆయనగారు "అదంతా మా ఆవిడదేనండీ" అంటాడు. అదే మనిషి ఇంట్లో మాటా మాటా పెరిగిన రోజున "ఎవడి సొమ్మనుకున్నావు?" అంటాడు. పన్ను దగ్గర ఆమెది, పోట్లాట దగ్గర నాది. రెండు చోట్లా రెండు నాలుకలు. స్త్రీధనం స్త్రీ సొంతం, భర్త దగ్గరున్నా అతను కాపలాదారు మాత్రమేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. 2024లో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో ఇంకో అడుగు వేసి, ఆమె అనుమతి లేకుండా ఆమెను కన్న తండ్రికి కూడా దాన్ని అడిగే హక్కు లేదన్నది. నిజంగా ఇవ్వదలచుకుంటే ఒక కాగితం మీద "ఫలానా తేదీన ఇంత ఇచ్చాను, ఇది నీదే" అని రాసి సంతకం పెట్టి, బ్యాంకు ద్వారా పంపాలి. నగదుకు రిజిస్ట్రేషను అక్కర్లేదు. ఆ కాగితం ఉంటే క్లబ్బింగ్ ఆగదు, ఆదాయం ఆయన రిటర్నులోనే ఎక్కుతుంది. కానీ ఆవు ఎవరిదన్న ప్రశ్న మళ్లీ రాదు.

అన్నిచోట్లా ఇలాగే ఉండాలనేం లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు భార్యాభర్తలిద్దరూ కలిపి ఒకే రిటర్ను వేస్తారు. అక్కడినుంచి సెలవుల్లో వచ్చిన అల్లుళ్లు మామగార్లకు ఇదే వింతగా చెబుతుంటారు. అంత దూరం దేనికి, గోవాలో పోర్చుగీసు కాలం నాటి పద్ధతి ప్రకారం, జీతం తప్ప మిగతా ఆదాయాన్ని భార్యాభర్తలు చెరి సగం రాసుకుంటారు. మన దేశమే, మన పన్ను చట్టమే. 1955-56లో సి.డి. దేశ్‌ముఖ్ ఆర్థిక మంత్రిగా ఉండగా పెళ్లయినవాళ్లకు 2,000, కానివాళ్లకు 1,000 పన్ను లేని పరిమితిగా పెట్టారు. తర్వాత అదీ పోయింది. దంపతులకు ఉమ్మడి రిటర్ను అవకాశమివ్వాలని 2025 బడ్జెటుకు ముందు మా చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ అడిగింది. ఇస్తే నాకు పని తగ్గుతుంది, అయినా ఇవ్వాలనే అంటాను. ఇంట్లో ఉండి సంసారం నడిపే మనిషికి లెక్కల్లో ఒక గడి కూడా లేకపోవడం నాకు ఎప్పుడూ సబబుగా తోచలేదు.

ఇందాకటి దంపతుల సంగతి మధ్యలో వదిలేశాను. ఆ 21,840 లెక్క వేసిన రోజున ఆయన ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్లాడు. అప్పటిదాకా మాట్లాడని ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని, "మేక అన్నారు కదండీ, ఆ మేక ఎక్కడుంది?" అని అడిగింది. మీ మొదటి ఏడాది వడ్డీ 70,000ను విడిగా ఇంకో డిపాజిట్ వేస్తే, దాని మీద వచ్చే 4,900 మీది అన్నాను. రెండో ఏటి వడ్డీని, ఈ 4,900నీ కూడా అందులోనే కలుపుతూ పోండి, మూడో ఏటికి మీ లెక్క 10,143 అవుతుంది. ఆవిడ సంచిలోంచి చిన్న పుస్తకం తీసి ఆ అంకె రాసుకుంది. "ఇది ఆయన రిటర్నులో రాయరు కదా?" అంది. రాయనన్నాను. ఆయన లోపలికి రావడం చూసి పుస్తకం మూసేసింది.

ఇప్పటికీ ఏటా జూన్ నెలలో వస్తారు. ముందు ఆయన తన లెక్కంతా చెప్పుకుంటాడు. అది అయ్యేదాకా ఆవిడ సంచి మీద చెయ్యి వేసుకుని కూర్చుంటుంది. తర్వాత అడుగుతుంది: "మేక ఎంతిచ్చిందండీ ఈ ఏడు?"